ముందు నేనే పోతా

మా ఊళ్ళో ఆడమనిషి పోతే మొదటి కబురు హిండా విగొడర్‌కే వెళ్ళేది. కొడుకులకి, కోడళ్ళకి ఆ తరవాతే. పెన్సిల్వేనియా కొండల్లో బొగ్గు గనులు నడిచిన రోజుల్లో మేం యూదులం ఒక వీధి నిండా ఉండేవాళ్ళం. పోయినవాళ్ళకి స్నానం చేయించి తెల్లబట్టలు తొడగడానికి ఆడవాళ్ళం నేనంటే నేనని ముందుకొచ్చేవాళ్ళం. తిరిగి మేలు చెయ్యలేనివాళ్ళకి చేసే మేలే అసలు మేలని మా నమ్మకం. అందులో పెద్దదిక్కు హిండా. చెప్పుల కొట్టు నడిపేది, నోరు మహా దురుసు. స్నానం చేయించే గదిలోకి అడుగు పెట్టిందంటే మాత్రం ప్రార్థన తప్ప వేరే మాట ఉండేది కాదు. పసిపిల్లకి చూసినట్టు నీళ్ళ వేడి మోచేత్తో చూసేది.

ఆ తెల్లబట్టలు కుట్టేది కూడా తనే. పోయినవాళ్ళ బట్టలకి దారం ముడి వెయ్యకూడదని మా ఆచారం. ఏళ్ళ తరబడి అలా కుట్టీ కుట్టీ ముడి వెయ్యడమే మరిచిపోయింది. ఒక చలికాలం నా కోటుకి గుండీలు కుట్టి ఇస్తే, బ్యాంకులో వరసలో నిలబడి ఉండగా ఒక్కొక్కటే రాలిపోయాయి. నేరుగా కొట్టుకి వెళ్ళి దులిపేశాను.

"నన్ను అప్పుడే పంపించేద్దామనా నీ ఉద్దేశం?"

"నీకింకా టైముందిలేవే మాల్కా. ముందు నేనే పోతా," అంది, తాపీగా సూదిలో దారం ఎక్కిస్తూ.

గనులు మూతపడ్డాయి, జనం పలచబడ్డారు. చివరి పండగలకి, యూదులమని ఎవరైనా దాడి చేస్తారేమోనని, మా ప్రార్థనా మందిరం గుమ్మంలో పోలీసు కారు ఉండేది. లోపల మనకన్నా బయట పోలీసులే ఎక్కువున్నారని హిండా వేళాకోళం చేసేది. నవ్వేవాళ్ళం గానీ, తలుపు చప్పుడైతే అందరం వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. తరవాత మందిరమూ అమ్మేశారు. ఇప్పుడక్కడ జిమ్ ఉంది.

స్నానం చేయించడం తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అప్పుడు మొదలైంది మా పోటీ. ముందు పోయినదానికి రెండోది ఉంటుంది. వెనక మిగిలినదాన్ని పిట్స్‌బర్గ్ నుంచి ముక్కూమొహం తెలియనివాళ్ళొచ్చి కడుగుతారు. హిండాకి అదే బెంగ.

"నా మోకాలి మీద మచ్చ చూసి వాళ్ళేమనుకుంటారే?"

"ఏమీ అనుకోరు. నోరు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు."

"నీకైతే తెలుసు, చిన్నప్పుడు మంచు మీద జారి పడ్డప్పటిదని. తెలిసిన చెయ్యి వేరమ్మా."

"నాకు మాత్రం తెలిసిన చెయ్యి అక్కర్లేదా?"

"నువ్వు నాకన్నా చిన్నదానివి. వరస తప్పకు."

వరస తప్పలేదు. పోయిన వసంతంలో, పస్కా పండక్కి ఇల్లంతా శుభ్రం చేస్తూ కాస్త కూర్చుంటానని కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

నేనొక్కదాన్నే ఎత్తలేను కనక పిట్స్‌బర్గ్‌కి ఫోన్ చేశాను. టాలియా అనే అమ్మాయి మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళలో తప్పు పట్టాలనే చూశాను, నిజం చెప్పొద్దూ. దొరకలేదు. ఎంత మెత్తగా పట్టుకున్నారో. తల దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చారు. మోకాలి దగ్గర టాలియా చెయ్యి ఆగింది. అక్కడ నేను కడిగాను. చేతులు కూడా నేనే కడిగాను, గోళ్ళ సందులతో సహా. వేళ్ళ కొసల మీద సూదిపోట్లు ఇంకా గరుగ్గా తగిలాయి. అంతా అయ్యాక హిండాని పేరు పెట్టి పిలిచి, మా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించమని అడిగాం. అది మా ఆనవాయితీ.

బయటికొచ్చాక టాలియా నా భుజం మీద చెయ్యి వేసింది.

"మీరేం దిగులు పెట్టుకోకండి మాల్కాగారూ. ఎప్పుడైనా సరే, మీకోసం మేమొస్తాం."

"సంతోషమమ్మా," అన్నాను.

మంచి పిల్ల. అన్నట్టే వస్తుంది, బాగానే చేస్తుంది. కానీ నాకు కావలసినవి హిండా చేతులు. వాటిని నేనే కడిగి, నేనే తెల్లబట్టలో కప్పి పంపించేశాను.