నాలుగు వేళ్ల టాటా

ఆ మంగళవారం ఉదయం గ్రేటర్ నోయిడా నుంచి ఢిల్లీ వెళ్లే మా బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. పక్కనే ఒకతను సైకిల్ వెనక కొండముచ్చును కూర్చోబెట్టుకుని ఆగాడు. ఆఫీసుల్లో దూరే కోతుల్ని తరమడానికి అప్పట్లో ఢిల్లీలో కొండముచ్చుల్ని డ్యూటీకి పెట్టేవారు. హనుమంతుడి రోజు కదా అని కిటికీలోంచి అరటిపండు అందించబోయాను.

"మత్ దో, ఆంటీ!" ఇవ్వొద్దంటూ పక్క సీటు అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. కామెరూన్ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నాడట. వాళ్ల అడవిలోని ఎర్ర కొలోబస్ కోతి ఈ కొండముచ్చుకు దూరపు చుట్టమట. అది ఆకులూ పచ్చికాయలే తింటుందట, తియ్యటి పండు ఈ జాతి కడుపుకి పడదట.

"అరే భయ్యా, కేలా లేకపోతే ఇది డ్యూటీకే రాదు!" అని సైకిలతను నవ్వాడు. ఈలోగా కొండముచ్చు నా చేతిలోని పండు లాక్కుంది.

అబ్బాయి కూడా నవ్వేశాడు. "మరి మీ కోతికి ఏం పెడతారు?" అన్నాను.

"పెట్టడమా? దాన్నే తినేవాళ్లం, ఆంటీ. తుపాకీ పేలినా పారిపోదు. కొమ్మ మీద కూర్చుని చూస్తుంది. అందుకే ఇప్పుడు ఎక్కడోగానీ కనబడదు."



అప్పట్లో వేటాడిన వాళ్ల నాన్నే ఇప్పుడు ఆ కోతులకు కాపలా అట. ఫోన్ చేస్తే ముందు కోతుల కబుర్లు చెప్పి, తర్వాతే కొడుకు పరీక్షల సంగతి అడుగుతాడట.

తన స్టాపులో దిగాక అబ్బాయి నా కిటికీ వైపు తిరిగి బొటనవేలు మడిచి చెయ్యి ఊపాడు. "కొలోబస్‌కి బొటనవేలుండదు, ఆంటీ! నాన్న ఇలాగే టాటా చెబుతాడు."

బస్సు కదిలాక చూసుకుంటే, ఊపుతున్న నా చేతికీ నాలుగు వేళ్లే ఉన్నాయి.