చెప్పకుండా పోయిన ఆపా

ఆపా చనిపోయిందన్న కబురు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు నేను నకిరేకల్ మార్కెట్లో నిమ్మకాయల బస్తాలు దించుతున్నాను. నల్గొండ దవాఖాన అటెండరు ఫోన్ చేశాడు. తెల్లారుజామున గుండె ఆగిందట, మట్టి చేయడం కూడా అయిపోయిందట. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు భయమేసింది. గురువారం మా చెల్లె ఆమె దగ్గరికి పోవాలి.

ఆపా ఆ దవాఖానలో కౌన్సెలర్. అక్క అన్నట్టుగా మేమంతా ఆపా అనేవాళ్లం. ఆరేళ్లు మా చెల్లెతో మాట్లాడింది. అంతకు ముందు మా చెల్లె పొద్దున నన్ను దేవుడనేది, సాయంత్రానికి నా మొకం చూడననేది. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే తనను వదిలేశారని చేయి కోసుకునేది. పొగరన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. దర్గాకు తిప్పాం, పోచమ్మకు కోడిని కోశాం. చివరికి పెద్ద డాక్టరు 'పర్సనాలిటీ డిజార్డర్' అన్నాడు. పర్సనాలిటీ అంటే ఒడ్డూ పొడుగూ అనుకుని, "పిల్ల బక్కగనే ఉన్నది గద సార్" అన్నాను. నా చదువు ఏడో తరగతి మరి.

ఆపా కిర్రుమనే ఫ్యాను ఆపేసి, మాతోపాటే చెమటలు కక్కుతూ విడమరిచింది.

"కాలిన చెయ్యి మీద ఈగ వాలినా మంటనే గద బేటా. మీ చెల్లె మనసు గట్లున్నది. గోలీలు నిద్రకు, గాబరాకు జర ఆసరా అయితయ్. అసలు పని మాటలతోనే."

"తగ్గుతదా ఆపా?"

"తగ్గుతది. పల్లెవెలుగు బస్సు లెక్క, ప్రతి స్టేజీల ఆగుకుంట పోతది. నడుమల దిగకుండ్రి."

నేను దిగలేదు గానీ, చెల్లెను దించినంత పని చేశాను. ఎకసెక్కాలకు మా ఊళ్లో నాదే పేరు. ఒకసారి చిట్యాల బస్టాండులో ఆమె నీళ్ల సీసా కొనబోతే, చెరుకురసం బండి వెనక నక్కి ఫోన్ చేశాను. "బస్సెక్కి పోతున్న, నువ్వు ఎట్లనన్న రా" అన్నాను. చెప్పులు విడిచేసి హైవే మీద లారీల మధ్య పరిగెత్తింది. ఎవరో పుణ్యాత్ముడు పట్టి లాగాడు.

ఇది విన్న ఆపా తిట్టలేదు. "నవ్వొచ్చిందా?" అంది.

"మొదలొచ్చింది."

"ఎవరికి?"

ఆ పూటతో నా ఎకసెక్కాలు బంద్.

రంజాన్‌కో, కూతురి కాన్పుకో సెలవు పెడితే ఆపా రెండు వారాల ముందే చెప్పేది. తిరిగొచ్చే రోజు చీటీ మీద రాసి చెల్లె చేతిలో పెట్టేది. "చెప్పి పోతే ఊరికి పోయినట్టు. చెప్పక పోతే ఇడిసిపెట్టి పోయినట్టు" అనేది. అప్పట్నుంచి నేను పెరట్లోకి పోయినా చెప్పే పోతున్నాను. పక్కింటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. రెండేళ్లుగా చెల్లె చేతి మీద కొత్త గీత లేదు. మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే, ఆమె చేసేది నాటకమని మాత్రం అనకండి. నేను అన్నాను, ఆ పాపం నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఆపాయే చెప్పకుండా పోయింది.

"బదిలీ అయిందని చెప్పుండ్రి. సావు మాట ఎవరన్న ఒక్కసారే చెప్తరా?" అంది నా భార్య. నిజమే, మా దిక్కు చచ్చిపోయినా 'జర సీరియస్ ఉన్నదట' అనే పిలుస్తాం, మిగతాది దారిలో వాళ్లే అర్థం చేసుకుంటారు. అబద్ధం నాకు కొత్త కాదు. కానీ అది రేపు బయటపడితే, చెల్లె ఇంక నా ఊపిరిని కూడా నమ్మదు.

బుధవారం పొద్దున్నే కత్తిపీట దాచేసి చెల్లె ఎదురుగా కూర్చున్నాను.

"చెల్లె, ఆపా సచ్చిపోయింది. నిన్న గుండె ఆగింది."

"మజాక్ చేస్తున్నవా అన్నా?"

"లేదు."

"అమ్మతోడు?"

"అమ్మతోడు. నీకు చెప్పేంత టైం ఆమెకు దొరకలే. రేపు పెద్ద డాక్టర్ సార్ చూస్తనన్నడు. ఇద్దరం పోదాం."

చాలాసేపు నా కళ్లలోకే చూసింది. అబద్ధం వెతుకుతోందని తెలిసి రెప్ప వేయలేదు. తర్వాత లేచి గదిలోకి పోయి తలుపు మూసుకుంది. గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. వినిపించలేదు. గడప దగ్గరే చతికిలబడ్డాను.

"అన్నా, ఉన్నవా?"

"ఉన్న."

మళ్లీ లోపల్నుంచి పిలిచింది.

"ఉన్నవా?"

"ఈడనే ఉన్న."

తలుపు కింద సందులో ఎండ సన్నగా పడుతోంది. అందులో ఆమె పాదాల నీడ అటు పోతుంది, ఇటు వస్తుంది, తలుపు దగ్గర ఆగుతుంది.