అటకెక్కిన షేర్లు

మా ఆయన కొబ్బరి వ్యాపారి. అమలాపురం చుట్టుపక్కల తోటల్లో కాయ కొంటారు. ధర బాగుంటే అమ్మేస్తారు, లేకపోతే కురిడీకని అటక మీద పోస్తారు. నెలల తరబడి అక్కడే ఉంటే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండులా విడివడి, కాయ ఊపితే గలగలమంటుంది. అప్పుడు మంచి ధరకి పోతుంది. ధర పడినప్పుడు అమ్ముకున్నవాడు ఆయన దృష్టిలో మనిషే కాదు. ఈ తెలివిని కొబ్బరి దగ్గరే ఆపి ఉంటే నాకు రాయడానికేమీ ఉండేది కాదు.

బస్టాండు దగ్గర సినిమా సీడీలు అద్దెకిచ్చే షాపు మూతపడింది. ఆ గదిలో టైలరింగు షాపు పెట్టాలని నాకు ఒకటే ఆశ. ఇంట్లో జాకెట్లు కుట్టి అడ్వాన్సుకి సరిపడా కూడబెట్టాను. బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయనకెవరో షేర్ల సంగతి చెవిన వేశారు. ఎక్కడో సిటీలో సీడీలు అద్దెకిచ్చే చిన్న కంపెనీ. షేరు కొబ్బరిబొండాం కన్నా చవక.

“నీ డబ్బు ఒక్క నెల సర్దవే. రెట్టింపు చేసి చేతిలో పెడతాను.”

“మన బస్టాండు దగ్గరే మూసేసేరు కదండీ?”

“అది షాపే. ఇది కంపెనీ.”

ఇంత తేడా తెలియనందుకు నా వంక జాలిగా చూశారు. ఇవ్వకపోతే మొగుడి మీద నమ్మకం లేదంటారు. ఇచ్చాను.

ఊళ్ళో ఇంటింటికీ నెట్ వచ్చింది. షేరు పడింది. చవకగా దొరుకుతోందని ఆయన ఇంకాసిని కొన్నారు. ఇంకా పడింది. అమ్మేయండి మహాప్రభో అని నేను మొత్తుకున్నాను.

“పడినప్పుడు అమ్ముతారేంటే? కురిడీ అయ్యేదాకా కదపకూడదు,” అన్నారు, ఫోన్లో సినిమా మీంచి కళ్ళు తిప్పకుండా.

“ఆ సినిమా ఎక్కడ అద్దెకి తెచ్చేరండీ?”

“అద్దెకెందుకే? ఫోన్లో ఊరికే వస్తుంటేనూ!”

అలా అన్నాక కూడా ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు. వంటింట్లోకి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నాను. మర్నాడు గది ఓనరుగారు నా అడ్వాన్సు కోసం ఇంక ఆగలేనని కబురు పెట్టారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చివరికి కంపెనీయే మూతపడింది. ఆ షేర్లు అమ్ముదామన్నా కొనేవాడు లేడు. కాయ కుళ్ళితే నూనె మిల్లువాడైనా ఎంతో కొంతకి పట్టుకుపోతాడు. కొత్తపేట నుంచి వచ్చిన ఒకావిడ ఆ గది తీసుకుని టైలరింగు షాపు పెట్టింది.

ఒక సాయంత్రం మా ఆయన పొడవు తగ్గించిన ప్యాంటొకటి తెచ్చి నా ముందు పరిచారు.

“నిన్నెందుకు ఇబ్బంది పెట్టడమని బస్టాండు దగ్గరిచ్చేను. ఎంత బాగా కుట్టేరో చూడవే. మంచి సెంటరు కదా, ఖాళీ లేదు పాపం ఆవిడకి.”

తిరగేసి చూశాను. ఎక్కడైనా కుట్టు వంకర పోయిందేమోనని ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికాను. ఎక్కడా పోలేదు. ఒళ్ళు మండిపోయింది.