ఎవరూ వాయించని పాట

ఆర్కెస్ట్రాలో అందరూ ఆమెను ఫిడేలక్క అనేవారు. సగం జీవితం పెళ్లిళ్లలో, సభల్లో సినిమా పాటలు వాయించింది. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో కూడా ఓ గమకం దూర్చేది. "అక్కా, నన్నూ కాస్త పాడనివ్వు" అని అతను చేతులు జోడించేవాడు. ఆమె నవ్వేది, మానేది మాత్రం కాదు.

ఒకరోజు సామాన్లు దించుతుండగా వ్యాను తలుపు ఆమె ఎడమచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ ఉంగరపు వేలు, చిటికెన వేలు కొయ్యబారిపోయాయి. ఫిడేలు బీరువా మీదకెక్కింది. రేడియోలో పాట వస్తే చాలు, ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. భర్త బస్సు డ్రైవరు, కబుర్లపోగు. ఆయన కూడా ఆ సంగతి ఎత్తడానికి జంకేవాడు.

చివరికి ఎత్తింది కూతురే. డ్రమ్స్ వాయించే ఒకతను, బేస్ గిటార్ వాయించే ఒకమ్మాయి తోడుగా ఆ పిల్ల మాటల్లేని సంగీతం కట్టేది. తన చేతిలో ఓ కంప్యూటరు, మీటలున్న ఓ పెట్టె.

"అమ్మా, మాతో వాయిస్తావా?"

"జాలిపడి పిలుస్తున్నావా?"

"జాలేంటి? నాకు కావాల్సింది మూడే స్వరాలు. చెయ్యి బాగున్నప్పుడు అడిగితే ముప్పై వేసేదానివి. అందుకే అడగలేదు."

తల్లికి ఒళ్లు మండింది. కొన్నాళ్లు ముభావంగా తిరిగింది. ఆ తర్వాత తనే కుర్చీ ఎక్కి ఫిడేలు దించుకుంది.

సాధన చేసే గది టైర్ల కొట్టు పైన. గోడలకు పాత పరుపులు కొట్టారు. గదంతా రబ్బరు వాసన. ఖాళీ తీగ, చూపుడు వేలు, మధ్య వేలు. అవే మూడు స్వరాలు, అదే వరుసలో, మళ్లీ మళ్లీ. కాసేపటికి ఆమెకు విసుగొచ్చింది.

"ఇదేం పాటే? చరణం ఎప్పుడొస్తుంది?"

"రాదమ్మా. ఆపకు."

కూతురు ఓ మీట నొక్కింది. తల్లి వాయించిన ముక్కను పెట్టె పట్టుకుని తిరిగి వినిపించసాగింది. దాని మీద అదే ముక్క మరోసారి, వెంట్రుకవాసి నెమ్మదిగా. మొదట రెండూ ఒకటిగానే ఉన్నాయి. మెల్లమెల్లగా రెండోది వెనకబడింది. బేస్ గిటార్ నేల కిందనుంచి వస్తున్నట్టు ఒకే స్వరాన్ని పట్టుకుంది. డ్రమ్స్ అతను కుంచెల్లాంటి పుల్లలతో డ్రమ్మును నిమురుతున్నాడు.

అప్పుడు ఫిడేలక్కకు ఆ సందుల్లోంచి ఇంకో పాట వినబడింది. తను వేయని నడక దానిది. పైకెక్కుతోంది, ఒక మలుపు తిరుగుతోంది, జారుతోంది. ఆమె గదంతా కలయజూసింది. తలుపు వేసే ఉంది.

"ఎవరే అది వాయిస్తున్నది?"

"ఎవరూ వాయించట్లేదమ్మా. నీ ముక్కలే ఒకదాని పక్కన ఒకటి పడి అలా వినిపిస్తున్నాయి."

"సందు దొరికితే చాలు నింపేశాను కదే ఇన్నేళ్లూ..." ఆమె ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, పెద్దవాళ్ల ముందు కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చుని వింది.

మొదటి కచేరీ ఓ చిన్న హాల్లో. ముందు వరసలో భర్త. "రికార్డు ఇరుక్కుపోయినట్టుందండీ" అని పక్కాయనతో గుసగుసలాడాడు. ఆయన నవ్వలేదు, కళ్లు మూసుకుని ఉన్నాడు.

కాసేపటికి వేదిక మీద ఫిడేలక్క కమాను ఆపింది. చెయ్యి లాగేస్తోంది. అయినా పెట్టె పట్టుకున్న ఆమె వాయింపు ఆగలేదు, నాలుగు గోడల నుంచీ వస్తూనే ఉంది. మళ్లీ అందుకోమని కూతురు సైగ చేసింది. ఇంకా కాదన్నట్టు తల్లి తల అడ్డంగా ఊపింది. డ్రమ్స్ అతను ఆమె మొహమే చూస్తున్నాడు. ఆఖరికి ఒక చోట ఆమె కమానును తీగ మీదకు దించింది. ఒకటే స్వరం, పొడుగ్గా. దానితోపాటు డ్రమ్స్, బేస్ ఒక్కసారిగా పొంగాయి. హాలు హాలంతా నేల వదిలి లేచినట్టయింది. భర్త కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అన్నాడు: "నాకు తలాతోకా తెలీలేదు. కానీ నువ్వు ఆ ఒక్కటీ వేసేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నా."

"నేనూ అంతే," అందామె.

ఆ తర్వాత వాళ్లు చాలా చోట్ల వాయించారు. కొన్నిచోట్ల జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయేవారు. ఎవరైనా చెబితే తప్ప, సందుల్లోని ఆ పాట వింటూ ఉండే ఆమెకు ఆ సంగతి తెలిసేది కాదు.