ముప్కాల్ హవల్దార్ చెప్పిన మాట

తొంభై తొమ్మిది జూన్‌లో మా కంపెనీ కార్గిల్ కొండల్లో దిగింది. పగలు ఎండ మొహం కాల్చేది. పొద్దు వాలితే సీసాలో నీళ్లు గడ్డకట్టేవి. చెట్టన్నది లేదు, చాటుకు రాళ్లే. పైన శిఖరం మీద శత్రువు కందకాలు తవ్వుకుని కూర్చున్నాడు. కింద మేము.

నాది రేడియో డ్యూటీ. హిందీలో మాట్లాడితే పైనున్న శత్రువుకు అర్థమైపోతుందని కెప్టెన్ ఒక ఉపాయం పన్నాడు. దాడిలో ముందు నడిచే హవల్దార్‌ది ముప్కాల్, నాది పక్కనే ఆర్మూర్. ఒక కొస ఆయన, ఇంకో కొస నేను, మధ్యలో తెలుగు. చిక్కేమిటంటే మా వైపు తెలుగులో సగం ఉర్దూయే. ‘జర’, ‘ఫికర్’ అన్నప్పుడల్లా కెప్టెన్ తిట్టేవాడు.

“ఉర్దూ లేకుంట మా నాయిననే మాట్లాడలే తమ్మీ, నేనేడ మాట్లాడుత?” అని హవల్దార్ నవ్వేవాడు.

దాడి తెల్లవారుతుండగా మొదలైంది. వెనక ఫిరంగులు దారి తెరిచాయి, మూడు కంపెనీలు ఎక్కాయి. ఏడింటికి హవల్దార్ సెక్షన్ మొదటి కందకం పట్టుకుంది. ఎనిమిదింటికి శత్రువు తిరిగి విరుచుకుపడ్డాడు. ఆ కందకం పోతే కింద ఎక్కుతున్నవాళ్లంతా వాడి తుపాకులకు ఎదురుగా ఉంటారు.

రేడియోలో హవల్దార్ గొంతు వచ్చింది. “తమ్మీ, పోరగాళ్లను కిందికి తోలిన. నా కాలు పోయింది, ఒక్కన్నే ఉన్న. గాళ్లు లోపలికి దిగుతున్నరు. గీ కందకం మీదనే ఫిరంగులు కొట్టియ్యి.”

“నువ్వుండంగనా అన్నా?”

“ఆలోచన చెయ్యకు. సారుకు చెప్పు.”

ఒక్క ఉర్దూ ముక్క లేదు. కెప్టెన్‌కు ఏమీ అందలేదు. “క్యా బోలా?” అన్నాడు. ఆ మాట తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. సరిగా వినబడలేదు అంటే ఎవరు పట్టుకుంటారు? చెప్పేశాను. ఫిరంగులకు గురి అంకెలు కూడా నా నోటితోనే పంపాను. మధ్యాహ్నానికి శిఖరం మాదైంది. మీరంతా నన్ను అడిగేది ఆ శిఖరం సంగతే.

సెలవు మీద వస్తే ఆర్మూర్‌లో పసుపు వ్యాపారం చేసే అడ్తి దుకాణాల వాళ్లు దండలు వేశారు. దొంగతనం చేసి దొరికినవాడిలా తల వంచుకున్నాను.

మర్నాడు ముప్కాల్ పోయాను. హవల్దార్ భార్య వాకిట్లో వడ్లు ఆరబోస్తోంది. నన్ను కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది.

“ఆఖరికి నీతోనే మాట్లాడిండట గదా తమ్మీ. ఏమన్నడు?”

ఒక్క మాట దాచకుండా చెప్పాను.

“గా మాట సారుకు నువ్వే చెప్పినవా?”

“నేనే వదినా.”

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె వంగి రెండు చేతులతో వడ్లు కలియబెట్టింది. తర్వాత నా చేతిలోని చెంబు చూసింది.

“తాగనే లేదేంది? ఎండల పడి వచ్చినవ్. తాగు.”

నేను తాగేదాకా అక్కడే నిలబడింది. ఎన్నేళ్లయినా నా కళ్ల ముందు ఆమె అలా నిలబడే ఉంది, చేతుల నిండా వడ్ల దుమ్ముతో, నా గొంతులో నీళ్లు దిగుతున్నాయో లేదో చూస్తూ.