చుక్కల్లేని పుట్టగొడుగులు

ఒక ఆటను మెచ్చుకుంటూ రాసిన సమీక్ష వల్ల ఇంట్లో మనిషికి ఊళ్లో మాట విలువ పోతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ని. అప్పట్లో నాకు నవ్వు తొందరగా వచ్చేది, కోపం అంతకంటే తొందరగా వచ్చేది. రెండూ రాతలో పనికొచ్చేవి కాబట్టి గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న కంప్యూటర్ మాసపత్రికకు వీడియో గేముల మీద సమీక్షలు రాసేవాణ్ని. పగలు అదే వీధిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం, సాయంత్రం ఈ రాతలు. గేముల మీద తెలుగులో రాసేవాడు జిల్లాలో నేనొక్కణ్నే అని నాకో నమ్మకం ఉండేది. నిజమేనేమో కూడా, ఎందుకంటే రాయమని అడిగినవాడూ ఎవడూ లేడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఎడిటర్ గారు ఒక డిస్కు, దాన్ని ఆడించే యంత్రం నా చేతిలో పెట్టి, వచ్చే నెల సంచికకు ఇదే రాయమన్నారు. అది నాకు బాగా తెలిసిన ఆటే. టోపీ పెట్టుకున్న కార్టూన్ ఉడుత ఒకటి కొమ్మల మీదా పుట్టగొడుగుల మీదా ఎగురుతూ చెట్టు చివరకు చేరాలి. పాత ఆటకే బొమ్మలన్నీ కొత్తగా గీసి, రంగులు దిద్ది, పాటలు మళ్లీ వాయించి తెచ్చారు. రీమాస్టర్ అంటే అదే. పాత గోడకు సున్నం కొట్టి కొత్త ఇల్లని అమ్మడమని నేను అంతకుముందు ఒకసారి వెటకారంగా రాశాను కూడా. కానీ ఈ ఉడుతను చూడగానే ఆ వెటకారం మర్చిపోయాను.

ఎందుకంటే పాత ఉడుత మా ఇంట్లో పెరిగింది. మా ఊరు చిలకలూరిపేట దాటాక, ప్రకాశం జిల్లా వైపు, చుట్టూ పత్తి, మిరప. తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, గుంటూరు నుంచి మావయ్య టీవీకి తగిలించుకునే గేమ్ డబ్బా తెచ్చాడు. మా టీవీ బ్లాక్ అండ్ వైట్. ఆటలో రెండు రకాల పుట్టగొడుగులుంటాయి. పచ్చదాని మీద పడితే అది ఉడుతను పైకి ఎగరేస్తుంది, ఎర్రదాని మీద పడితే తోక కాలి ఉడుత చస్తుంది. మా టీవీలో రెండూ బూడిద రంగే. అయితే చంపే పుట్టగొడుగు నెత్తి మీద చుక్కలుండేవి. ఆ చుక్కలు చూసుకుని దూకాలి.

ఇంట్లో అందరికంటే బాగా ఆడింది నాన్న. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. మేము రంగులు లేవని గొణుగుతూ, తడబడుతూ, చచ్చి బతుకుతూ ఉంటే ఆయన చుక్కలు చూసుకుంటూ ఒక్క చావు లేకుండా చెట్టు చివరకు వెళ్లిపోయేవాడు. "రంగుదేముందిరా, ఆనవాలు చూసుకోవాలి" అనేవాడు. నాకు తెలిసి నాన్న పిల్లాడిలా సంబరపడింది ఆ చాప మీదే.

ఊళ్లో ఆయన సంగతి వేరు. మిరప కళ్లాల దగ్గర నాన్న మాటకు విలువుండేది. అన్నదమ్ములో, కలిసి సాగు చేసినవాళ్లో ఎండిన కాయను పంచుకోవాలంటే ముందు మొదటి రకం ఒక పక్కకు, రెండో రకం ఒక పక్కకు తీయాలి. తెల్లబడిన తాలు కాయ ఎవరికైనా కనబడుతుంది. చెమ్మ తగిలి ఎరుపు పోయి గోధుమ రంగులోకి తిరిగిన కాయ దగ్గరే గొడవంతా. అది మంచిదంటాడొకడు, కాదంటాడింకొకడు. అప్పుడు నాన్నను పిలిచేవాళ్లు. ఆయన కుప్ప ముందు కూర్చుని గుప్పెట్లోకి తీసుకోవడం, ఆడించి గలగల వినడం, ఇటో అటో వేయడం. ఆయన వేసింది ఎవరూ తిరిగి తీసేవాళ్లు కాదు.

ప్రతిసారీ పక్కన అమ్మ ఉండాల్సిందే. అమ్మకు మిరప ఘాటు బొత్తిగా పడదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుని దగ్గుతూనే ఉండేది. కళ్లంలో దగ్గనివాడు ఎవడు, అందుకని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. "పిన్ని లేందే బాబాయ్ గడప దాటడు" అని మాత్రం వేళాకోళం చేసేవాళ్లు. ఆ దగ్గుతో నువ్వెందుకు వెళ్లడం అని నేనడిగితే, "మీ నాన్న పనిలో పడితే తిండి మర్చిపోతాడురా" అనేది. నేను నమ్మాను.

సరే, కొత్త ఉడుత. అప్పటికి మా ఇంట్లో కలర్ టీవీ వచ్చింది. యంత్రం సంచిలో పెట్టుకుని ఊరెళ్లాను. మా పిన్ని కూతురి పురుటికి సాయంగా అమ్మ దాచేపల్లి వెళ్లింది. ఇంట్లో నాన్నా నేనే. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆట పెట్టాను. తెర మీద ఆకులు మెరుస్తున్నాయి, ఉడుత తోకలో వెంట్రుక వెంట్రుకా కనబడుతోంది. చుక్కలు తీసేశారు. పుట్టగొడుగులు నున్నగా, ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా. నాన్న చేతికి రిమోట్‌లాంటి ఆట పిడి ఇచ్చి పక్కన కూర్చున్నాను.

ఆయన నేరుగా వెళ్లి ఎర్రదాని మీద దూకాడు. మళ్లీ దూకాడు. మళ్లీ. నాకు నవ్వాగలేదు.

"నాన్నా, అది ఎర్రది. చూసి దూకు."

"చూస్తూనే ఉన్నాన్రా."

"కళ్లజోడు మార్చాలి నీకు."

"కొత్తది కదా. అలవాటవ్వాలి."

ఇంకాసేపు ఆడి, పిడి నా ఒళ్లో పెట్టి, పొలంలో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయాడు. ఆయన మొహం నేను చూడలేదు. తెర చూస్తూ వాక్యాలు కట్టుకుంటున్నాను.

సమీక్ష బాగా కుదిరింది. ఇప్పటికీ అది బాగా రాసిన సమీక్షే, అదే నా బాధ. పాత పాటను పాడుచేయనందుకు మెచ్చుకున్నాను, గెంతు కాస్త బరువెక్కిందని నసిగాను. "ఆ చిరాకు చుక్కల్ని తీసేసి మంచి పని చేశారు, తెర కడిగినట్టుంది" అని రాశాను. చివర్లో నవ్వు కోసం ఇది చేర్చాను: "జీవితమంతా మిరప కళ్లాల్లో ఎరుపు చూసి తీర్పు చెప్పిన మా నాన్నే ఈ ఆటలో ఎర్ర పుట్టగొడుగును పచ్చదనుకుని దూకుతున్నారంటే, రంగులు మనిషిని ఎంత మాయ చేస్తున్నాయో చూడండి."

సంచిక రాగానే కొన్ని కాపీలు నేనే ఊరు పట్టుకెళ్లాను. మా ఊళ్లో కంప్యూటర్ పత్రిక ఎవరు కొంటారు, నేను పంచకపోతే ఆ ముక్క గుంటూరు దాటేది కాదు. టీ కొట్లో ఒకటి పెట్టాను, వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన ఇంట్లో ఒకటి ఇచ్చాను. పేరు అచ్చులో చూపించుకునే సరదా.

అమ్మ అప్పటికి దాచేపల్లి నుంచి వచ్చేసింది. వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని పైకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్న చోట ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇది ఎవరెవరికిచ్చావు?"

చెప్పాను.

"పోయి తెచ్చెయ్యి."

"ఎందుకు?"

అమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి ఎరుపూ పచ్చా ఒకటేరా. పుట్టుకతోనే. పెళ్లైన మొదటేడు కోతకెళ్తే పచ్చికాయలు తెంపి నా బుట్టలో వేస్తన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. కళ్లంలో రంగు తిరిగిన కాయ చేతికొస్తే నేను దగ్గుతా. ఆయన పక్కన పెడతాడు. అంతే."

ఇన్నేళ్లూ వింటూ వచ్చిన దగ్గు అది. పత్రికలు తెద్దామని పరిగెత్తాను. అన్నయ్య ఇంట్లోది దొరికింది. టీ కొట్లోది చేతులు మారి ఎటో పోయింది.

మర్నాడు పొద్దున్నే పక్క వీధి అన్నదమ్ములు నాన్నను పంపకానికి పిలిచారు. అమ్మ, నాన్న బయల్దేరుతుంటే నేనూ వెంటపడ్డాను. పత్రిక ఒకటి ఊళ్లో తిరుగుతోందని దారిలో చెప్పేద్దామనుకున్నాను. నాన్న ముందు నడుస్తున్నాడు, పంచె ఎగ్గట్టుకుని, అమ్మ వెనకాల. ఆ రెండు వీపులు చూస్తూ, చెప్పకుండానే కళ్లం దాకా నడిచాను.

కళ్లంలో పట్టా మీద కుప్ప పోసి ఉంది. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడి చేతిలో నా పత్రిక, టీ కొట్లో పెట్టిందే.

"బాబాయ్, నీకు ఎరుపు తెలీదని మీవాడు రాశాడంట. మరి పోయినేడు నా వాటాలో పడ్డ రెండో రకం సంగతేంటి?"

అతను గొంతు పెంచలేదు. అందుకే అందరికీ వినబడింది. పెద్దవాడు సర్దబోయాడు. "ఊరుకోరా. వాడేదో నవ్వులకి రాసుంటాడు. రాసేవాళ్లకి కోతలు కోయడం మామూలేగా. బాబాయ్, అది ఉత్తదని ఒక్క మాట అను. పని కానిద్దాం."

అంత సులువు. ఒక్క మాట. నాన్న అననక్కర్లేదు, నేనన్నా సరిపోయేది. అవునన్నా, నవ్వు కోసం కల్పించాను అంటే అయిపోయేది. నా వైపు అందరూ చూశారు. అనలేదు నేను. నా రాతను నేనే అబద్ధమని పదిమందిలో చెప్పుకోవడానికి నా పొగరు అడ్డొచ్చింది. భయం వేసి నోరు రాలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, కానీ అది భయం కాదు.

నాన్న కుప్ప ముందు నుంచి లేచాడు. "మావాడు అబద్ధం రాయడు" అన్నాడు. "నాకు ఎరుపూ పచ్చా తేడా తెలీదు. గలగల వినేది నేను, రంగు చూసేది మీ పిన్ని. పోయినేడు నీ కాయా ఆవిడే చూసింది. ఆవిడ చూపు తప్పలేదు."

ఎవరూ తిట్టలేదు, గొడవ పడలేదు. పెద్దవాడు తల గోక్కుని, ఈసారికి రకం తీయకుండా కలిపే తూకం వేసుకుందాంలే అన్నాడు. ముగ్గురం ఇంటికొచ్చేశాం. దారిలో అమ్మ దగ్గలేదు.

ఆ ఏడు కళ్లాలు అయిపోయేదాకా మా ఇంటికి మళ్లీ పిలుపు రాలేదు. ఎక్కడో పంపకం జరుగుతోందని తెలిసిన రోజు నాన్న పశువుల కొట్టం ఊడ్చిందే ఊడ్చేవాడు. చూపు అమ్మదని తెలిశాక అమ్మనైనా పిలవొచ్చు కదా. పిలవలేదు. అందుకు ఊరి మీద నాకు బోలెడంత కోపం వచ్చింది. కోపం తెచ్చుకోవడం నాకు తేలికని చెప్పానుగా. నాన్న మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాతి నెల పత్రికలో ఒక చిన్న ముక్క రాశాను. ఆ ఆటలో చుక్కలు తీసేయడం తప్పని, ముందు మెచ్చుకోవడం నా తెలివితక్కువతనమని. చదివినవాళ్లకు పుట్టగొడుగుల మీద ఇంత పట్టింపు ఎందుకో అర్థమై ఉండదు. ఎడిటర్ గారు యంత్రం తిరిగి తెచ్చిమ్మన్నారు. ఇచ్చేసే ముందు ఒకసారి ఊరు పట్టుకెళ్లాను.

మధ్యాహ్నం నాన్నను బలవంతంగా టీవీ ముందు కూర్చోబెట్టాను. టీవీ రిమోట్‌తో రంగు తగ్గించుకుంటూ పోయి పూర్తిగా తీసేశాను. తెరంతా బూడిద రంగు, మా పాత టీవీలాగే. రెండు పుట్టగొడుగుల్లో ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త లేత. ఇలాగైతే తేడా పట్టుకోగలడని నా లెక్క. నాన్న కాసేపు తెర చూసి, నా చేతిలో రిమోట్ చూశాడు. ఎందుకు చేశానో ఆయనకు అర్థమైంది.

"రంగు పెట్టరా" అన్నాడు. "మీ అమ్మకి రంగుల్లో చూడటం ఇష్టం."

నేను తల వంచుకుని రంగు పెంచాను. ఆకులు మళ్లీ పచ్చబడ్డాయి. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుంది. ఉడుత కొమ్మ చివరకు వచ్చింది, ముందు పుట్టగొడుగు ఉంది. నాన్న బొటనవేలు మీట మీద సిద్ధంగా ఉంది.

ఆ గదిలో మిరపకాయ ఒక్కటీ లేదు. అమ్మ దగ్గింది. నాన్న ఆగాడు.