డమ్మీ పెట్టిన కాఫీ

తొంభైల్లో బందరంతా రమ్మీ ఆడుతుంటే, మా మావయ్యగారి వరండాలో మాత్రం నలుగురు జోడీలుగా ఆడే బ్రిడ్జి సాగేది. నాలుగో ఆయనకి గుడివాడ బదిలీ అయ్యాక ఆట ఆగిపోయింది. మావయ్యగారూ, రిటైరైన లెక్చరర్ గారూ, బ్యాంకు ఆయనా ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చునేవారు.

"నేను ఆడతానండీ" అన్నాను ఓ ఆదివారం. గ్రంథాలయంలో దొరికిన అట్టలేని బ్రిడ్జి పుస్తకం అప్పటికి మూడుసార్లు తెచ్చుకుని చదివాను.

"పుస్తకం చూసి ఆవకాయ పెట్టినట్టుంటుందమ్మా" అన్నారు లెక్చరర్ గారు.

"మొన్న మీరు మెచ్చుకున్న ఆవకాయ అలా పెట్టిందేనండీ."

మావయ్యగారు నవ్వారు. "ఇవాళ చూద్దాం. కుదరకపోతే పామర్రు ఆయన బస్సులో వస్తానంటున్నాడు."

నా చేతికి ఇస్పేటు ఆసు, రాజు, జాకీ, ఇంకో రెండు ఇస్పేట్లు వచ్చాయి. ఆటకి ముందు జరిగే వేలంపాటలో ఇస్పేటు పాడాను. ఎదురుగా ఉన్న నా జోడీ, మావయ్యగారు, దాన్నే పెంచారు. ఆసులెన్నో అడిగే పాట పుస్తకంలో ఉంది, అడిగితే ఒకటుందన్నారు. నావి రెండు. ధైర్యం చేసి "ఆరు ఇస్పేట్లు" అన్నాను. స్లామ్! నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు; ఇస్పేటు తురుపుగా, అలాంటి పదమూడు పట్లలో పన్నెండు తేవాలి.

ఎడమవైపు బ్యాంకు ఆయన కళావరు ఆసు వేశారు. మావయ్యగారు తన ముక్కలన్నీ బల్లమీద పరిచేశారు. ఇక ఆయన డమ్మీ, ఆడేదంతా నేనే. డమ్మీ అయినవాళ్లు కాఫీ సంగతి చూడాలని ఆ వరండా రూలు.

"అమ్మాయ్, కాఫీ!" అని అలవాటుగా లోపలికి కేకేశారు.

నేను ఎదురుగానే ఉన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"లేవండి మరి" అన్నారు లెక్చరర్ గారు. మావయ్యగారు పంచె సర్దుకుని వంటింట్లోకి వెళ్లారు.

మొదటి పట్టు పోయింది. ఇంకొక్కటి కూడా పోకూడదు. తురుపు రాణి వాళ్లలో ఒకరి దగ్గరుంది. రెండో పట్టు నేను పట్టి, ఇస్పేటు ఆసు వేస్తే ఇద్దరూ చిన్నవి వేశారు. తర్వాత డమ్మీ ముక్కతో ఓ పట్టు గెలిచి, అక్కణ్ణుంచి ఇస్పేటు ఆడాను. కుడివైపు లెక్చరర్ గారు మళ్లీ చిన్నదే వేశారు. రాణి ఆయన దగ్గరుంటే నేను జాకీ వెయ్యాలి, బ్యాంకు ఆయన దగ్గరుంటే రాజు.

పుస్తకంలో ప్రతి ఆటకీ నలుగురి ముక్కలూ అచ్చేసి ఉండేవి. రాణి ఎక్కడుందో తెలియకుండా నేనెప్పుడూ ఆడలేదు. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. ఇద్దరివీ కలిపి తొమ్మిది తురుపులుంటే రాజే వెయ్యమన్న వాక్యం గుర్తొచ్చింది. వేశాను.

బ్యాంకు ఆయన ఇస్పేటు లేక ఆఠీను పారేశారు.

"లైబ్రరీ వారికి రాణిగారు నమస్కారం చెప్పమన్నారు" అన్నారు లెక్చరర్ గారు, తన చేతిలోని ముక్క చూపిస్తూ.

మావయ్యగారు ట్రేతో వచ్చారు. "అయిందా?"

"ఒక పట్టు తగ్గిందండీ. రాజు వేశాను."

ఆయన ట్రే దింపి, నా ఇస్పేట్లు, తనవి వేలితో లెక్కపెట్టారు.

"పామర్రుకి ఫోన్ చెయ్యనా?" అన్నారు బ్యాంకు ఆయన.

"దేనికీ? తొమ్మిదుంటే నేనైనా రాజే వేస్తాను. ముక్కలు కలుపు అమ్మాయ్."

లెక్చరర్ గారు కాఫీ ఓ గుక్క తాగి గ్లాసు దింపేశారు. "ఏవండీ, పంచదార వెయ్యాలన్న పేజీ చిరిగిపోయిందా?"